లెక్కలోకి రాని ఆట

హాలంతా ఒక్కసారి ఘొల్లుమంది.

ఎందుకు నవ్వుతున్నారో దలెందాకి ముందు అర్థం కాలేదు. తెరమీద ఉన్నది తనే. తన వంటింట్లో, తన పీటమీద కూర్చుని, ఆవిరి కక్కుతున్న గోధుమరవ్వ కుస్కుసీని చెక్క గరిటెతో గిన్నెల్లోకి తీస్తోంది. తెరమీద తన చెయ్యి ఇంటి తలుపంత పెద్దగా ఉంది. ఎంత తోమినా గోళ్ల సందుల్లోంచి పోని సముద్రపు బురద చివరి వరసవాళ్లకి కూడా కనపడుతూ ఉండాలి.

"నాకో చెల్లెలుంది, వరీదా అని," అంటోంది తెరమీది దలెందా. "ఇప్పటికీ రెండు గిన్నెల్లోనే వడ్డిస్తా. చెయ్యి అలా అలవాటు పడిపోయింది. అదేమో రాదు. రెండో గిన్నె పిల్లి తింటుంది. చూడు, ఎలా బలిసిందో."

అప్పుడు కెమెరా పిల్లివైపు తిరిగింది. పిల్లి నిజంగానే బలిసి ఉంది. గుమ్మానికి అడ్డంగా పడుకుని, చేపముక్క తిన్న మూతి తీరిగ్గా నాక్కుంటోంది. నవ్వు అక్కడ పుట్టింది.

"ఎందుకు రాదు పిన్నీ?" అని కెమెరా వెనకనుంచి, సినిమా తీసిన ఎమ్నా గొంతు అడిగింది.

"నేనే రావద్దన్నా. అన్నాక మానేసింది. చిన్నప్పటినుంచీ నా మాట జవదాటేది కాదులే."

మళ్లీ నవ్వారు. పక్క సీట్లో సాల్హా మోకాలు చరుచుకుని, "అమ్మో, ఏం నోరే నీది వదినా!" అంది. ఇరవై ఏళ్లుగా పక్కపక్కన వంగి గుల్లలు ఏరిన మనిషి. ఆ గిన్నె సంగతి ఊళ్లో తెలిసిన ఒకే ఒక్క మనిషి. ఆమె కూడా నవ్వింది.

ఆ తరవాత తెరమీద ఏం నడిచిందో దలెందా మనసుపెట్టి చూడలేదు. ఆటు సమయంలో ఆడవాళ్లు వరసగా బురదలోకి నడిచి వెళ్లారు. సంగీతం వచ్చింది. చప్పట్లు వచ్చాయి. దీపాలు వెలిగాక ఎమ్నా వేదికమీదికి పిలిస్తే ఊరి ఆడవాళ్లంతా నీలం తలగుడ్డలు సర్దుకుంటూ వెళ్లి నిలబడ్డారు. ఎవరో చేతిలో పువ్వులు పెట్టారు. ఆ పువ్వుల్ని ఎలా పట్టుకోవాలో తెలియక, గుల్లల సంచిని పట్టుకున్నట్టు పిడికిట్లో మెడ బిగించి పట్టుకుంది దలెందా.

బయట వరండాలో బాదం పలుకుల మిఠాయిలు, పళ్లరసాలు పెట్టారు. స్ఫాక్స్ నగరం పెద్దమనుషులు ఎమ్నాని చుట్టుముట్టి అభినందిస్తున్నారు. పాతికేళ్ల పిల్ల. మొహం వెలిగిపోతోంది. దలెందా జనాన్ని తప్పించుకుంటూ వెళ్లి ఆమె మోచెయ్యి పట్టుకుంది.

"ఆ పిల్లి ముక్క తీసెయ్, తల్లీ."

"ఏ ముక్క పిన్నీ?"

"నవ్వారే, అది."

"అయ్యో! అందరికీ ఎంత నచ్చిందో తెలుసా? అంతా ఆ మాటే అంటున్నారు. ప్రేమకొద్దీ నవ్వారు పిన్నీ."

"ప్రేమో ఏదో. తీసెయ్. సంతకం పెట్టించుకునేటప్పుడు నువ్వే చదివి వినిపించావు. జనానికి మొదటిసారి చూపించేలోపు నేను వద్దన్న మాట ఏదైనా తీసేస్తానన్నావు."

ఎమ్నా మొహంలో వెలుగు తగ్గింది. ఆమె జవాబు వెతుక్కునేలోపు నిర్మాత నిజార్ అందుకున్నాడు. మెడలో ఎర్ర మఫ్లర్, చేతిలో పళ్లరసం గ్లాసు. కోపంగా కాదు, పిల్లలకి చెప్పినట్టు చెప్పాడు.

"ఆ గడువు ఇప్పుడే అయిపోయిందమ్మా. చూశారుగా, హాలు నిండిపోయింది. ఇంతమంది చూశాక ఇంకా మొదటిసారి ఎక్కడుంది? వచ్చేవారం ఊరూరా విడుదల. హాయిగా ఇంటికెళ్లండి. తారలైపోయారు మీరు."

ఊరికి తిరిగొచ్చే వ్యానులో ఆడవాళ్లు పెళ్లిపాటలు పాడారు. సాల్హా ముందు సీటులోంచి వెనక్కి తిరిగి, "పువ్వులు పిల్లికి పెట్టకే!" అని అరిచింది. అందరూ నవ్వారు. దలెందా కూడా నవ్వినట్టు పెదాలు కదిపి, కిటికీలోంచి వెనక్కి పరుగెడుతున్న ఆలివ్ తోటలకేసి చూస్తూ కూర్చుంది.

*

మర్నాడు ఆటు పొద్దున్నే వచ్చింది. సముద్రం మైలు దూరం వెనక్కి జరిగి, బూడిదరంగు బురద ఆరబెట్టిన దుప్పటిలా పరుచుకుంది. ఆడవాళ్లు బకెట్లు, కొడవళ్లు పట్టుకుని లోపలికి నడిచారు. గుల్ల ఎక్కడున్నదీ బురదమీద పక్కపక్కన ఉండే రెండు చిన్న చిల్లులు చెప్తాయి. వాటి కింద కొడవలి మొన పొడిచి తిప్పితే గుల్ల పైకి లేస్తుంది. చిన్నదైతే మళ్లీ బురదలోకే నొక్కెయ్యాలి. నడుం ఎత్తకుండా పొద్దు నడినెత్తికి వచ్చేదాకా ఇదే పని.

మామూలుగా ఆ పనిలో దలెందాకి ఏమీ గుర్తుకు రాదు. ఆ రోజు వచ్చింది. అటునుంచి ఒకామె, "పిల్లి ఎలా ఉంది దలెందా?" అంది. ఇటునుంచి ఇంకొకామె, "దానికి కూడా పిలుపొచ్చిందట, టూనిస్ వెళ్తోంది," అంది. ఎవరి మాటలోనూ విషం లేదు. వానాకాలమంతా వాళ్లు ఒకరినొకరు ఇలాగే ఏడిపించుకుంటారు. ఎప్పుడూ అందరికంటే ముందు జవాబు చెప్పేది దలెందాయే.

సాల్హా పక్కకి జరిగి వంగింది. "ఏమైందే? నిన్నటినుంచి మూతి బిగించుకున్నావు."

"నువ్వెందుకు నవ్వావు?"

సాల్హా కొడవలి ఆగింది. "అందరూ నవ్వారు. నాకూ వచ్చింది. నవ్వు అడిగి వస్తుందా?" కాసేపు తవ్వి, మళ్లీ అంది. "వరీదా చూస్తుందనా నీ బాధ? చూస్తే చూడనీ. తూకాల దొంగ పెళ్లాం, దానికి నువ్వు భయపడేదేంటి?"

"దాని పేరెత్తకు."

"నువ్వే ఎత్తావు, ఊరందరి ముందూ. నన్నంటావేం?"

దలెందా కొడవలి కింద గుల్ల లేచింది. అది పిల్లగుల్ల. బొటనవేలితో దాన్ని వెనక్కి నొక్కి, పైన బురద కప్పింది.

ఒల్ఫా గుర్తొచ్చింది ఆమెకి అప్పుడే. కిందటేడు గుల్లలేరే ఆడవాళ్లకి బీమా కార్డుల కోసం స్ఫాక్స్‌నుంచి వచ్చిన లాయరు. బురదలోకి చెప్పులు చేత్తో పట్టుకుని దిగిన మనిషి.

*

ఒల్ఫా ఆఫీసు పాతబస్తీ గోడ పక్కన, మందులషాపు మేడమీద. ఆమె దలెందా చెప్పింది అంతా విని, ముందు టీ తెప్పించింది. తరవాత అడగడం మొదలుపెట్టింది.

"హాల్లోకి ఎలా వెళ్లారు? టికెట్ కొన్నారా?"

"పిలిచారు. వెళ్లాం. గుమ్మం దగ్గర ఓ పిల్ల పేర్లడిగి రానిచ్చింది."

"అందరినీ అలాగేనా?"

"నేను చూసినంతవరకు అందరినీ అలాగే. మేయర్‌ని కూడా అడిగింది."

ఒల్ఫా నవ్వింది. "అయితే అది పెళ్లిలాంటిది. పెళ్లికి ఐదొందలమంది రావచ్చు. అయినా అది ఒకళ్లింట్లో వేడుకే కానీ ఊరి సంత కాదు. సంతంటే ఎవరైనా రావచ్చు. సినిమా కూడా అంతే. మొహం తెలియని మనిషి ఎవరో డబ్బిచ్చి లోపలికి వచ్చి కూర్చునే వీలుంటేనే జనానికి చూపించినట్టు. దానికి ప్రభుత్వం అనుమతి కావాలి. విడుదలకి ముందు వేసే ఈ ప్రివ్యూలన్నీ పిలుపుల మీద నడిచేవే. చట్టం లెక్కలో ఆ ఆట ఆడనట్టే."

"ఆడనట్టేనా?" దలెందా టీ గ్లాసు కింద పెట్టింది. "అంతమంది నవ్వారే!"

"నవ్వితే నవ్వారు. ఆ నవ్వు లెక్కలోకి రాదు."

దలెందాకి ఆ మాట నచ్చింది. లెక్కలోకి రాదు. ఎవరూ వినలేదు. తను అననేలేదు.

ఒల్ఫా కలం పక్కన పెట్టి ఆమెకేసి చూసింది. "ఒక్క సంగతి చెప్పమ్మా. చెల్లెల్ని ఏమైనా తిట్టావా అందులో?"

"లేదు."

"వాళ్లాయన్ని?"

"వాడి ఊసే లేదు."

"మరి ఆమె వింటే ఏమవుతుంది?"

"వినకూడదు."

"తిట్టలేదంటున్నావు కదా."

"తిట్టుంటే విన్నా పరవాలేదు," అంది దలెందా.

లాయరు ఫోను తీసి నిజార్‌కి కబురు పెట్టింది.

*

నిజార్ తన ఆఫీసులో వాళ్లని మర్యాదగానే కూర్చోబెట్టాడు. గోడకి సినిమా బొమ్మ ఉంది. అందులో బురదమీద వంగిన ఆడవాళ్లు చిన్న చిన్న చుక్కల్లా ఉన్నారు. ఏ చుక్క తనదో దలెందా ఒక్కచూపులో గుర్తుపట్టింది. ఎమ్నా కిటికీ దగ్గర నిలబడి ఉంది. ఆమె పలకరించింది కానీ దగ్గరికి రాలేదు.

"లాయరమ్మా, మీరు చదువుకున్నవాళ్లు," అన్నాడు నిజార్. "నాలుగొందల సీట్ల హాలు. నిండిపోయింది. పేపర్లో ఫోటో కూడా పడింది. వాళ్లు జనం కాకపోతే ఏంటి, గొర్రెలా?"

"నేనెందుకంటాను ఆ మాట! జనమే అంటారా మీరు?"

"ముమ్మాటికీ జనమే."

"మంచిది. మీ అనుమతి ఎప్పుడు వచ్చింది?"

నిజార్ మఫ్లర్ సర్దుకున్నాడు. "వచ్చేస్తుంది. ఒకటి రెండు రోజుల్లో."

"అంటే శనివారంనాటికి లేదు. అనుమతి లేకుండా జనానికి సినిమా వేశారా?"

"ఎవరన్నారు? అది పిలుపుల ఆట. ప్రభుత్వ శాఖవాళ్లకి ముందే చెప్పాం. మావాళ్లు, మా అతిథులు."

"ఒక్క టికెట్ కూడా అమ్మలేదా?"

"ఒక్కటి కూడా లేదండీ. హాలువాళ్లకి గట్టిగా చెప్పాను. ఒక్క టికెట్ తెగినా అది మామూలు ఆట అయిపోతుంది, నా మెడకి చుట్టుకుంటుందని."

అని, ఆగాడు. తన మాట తన చెవికే వినపడింది. ఒల్ఫా ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చుంది.

కిటికీ దగ్గరనుంచి ఎమ్నా అంది. "చాల్లెండి నిజార్‌గారూ. తీసేస్తాను."

"సినిమాకి ప్రాణం అదే అన్నావు నువ్వే!"

"అన్నాను. తీసేస్తాను."

నిజార్ దలెందాకేసి తిరిగాడు. ఈసారి పిల్లలకి చెప్పినట్టు కాదు. "ఒక పిల్లి గురించి ఇంత రాద్ధాంతమా అమ్మా?"

"పిల్లి మీదే, ఉంచుకోండి," అంది దలెందా. "నా మాట నాకిచ్చేయండి."

వ్యాన్ల స్టాండు దాకా ఎమ్నా తోడు వచ్చింది. రోడ్డు దాటేటప్పుడు ఎప్పటిలాగే దలెందా చెయ్యి పట్టుకోబోయి, మానుకుంది. స్టాండులో వ్యాను నిండేదాకా ఇద్దరూ గోడ నీడన నిలబడ్డారు. ఎమ్నా వేయించిన గుమ్మడి గింజల పొట్లం కొని ఆమె చేతిలో పెట్టింది.

"నెల్లాళ్లున్నాను పిన్నీ మీ ఇంట్లో. మొదటిరోజే చూశాను ఆ రెండో గిన్నె. నాకోసమే అనుకున్నాను. తీరా నాది మూడోదైంది. ఎవరికోసమని అడగడానికి నాకు నెల పట్టింది."

"అడక్కుండా ఉండాల్సింది."

"అడిగినందుకు నాకేం బాధలేదు. నవ్వుతారని మాత్రం అనుకోలేదు. ఎడిటింగ్ చేసేటప్పుడు నేను ఏడ్చాను అక్కడ." ఎమ్నా చెప్పు మొనతో నేలమీద గీతలు గీసింది. "మీ చెల్లెలికి నచ్చచెప్పడానికి అదొక దారి అవుతుందని కూడా అనుకున్నాను. తప్పు నాదే."

దలెందాకి ఆ పిల్లని దగ్గరికి తీసుకోవాలనిపించింది. చేతిలో గింజల పొట్లం, భుజాన సంచి. ఈలోగా డ్రైవరు ఒకే సీటుందని కేకేశాడు. ఎక్కేసింది.

*

సినిమా అనుకున్న రోజుకే విడుదలైంది. ఊరి ఆడవాళ్లు కొందరు మళ్లీ వెళ్లారు. ఈసారి టికెట్లు కొనుక్కుని, మొగుళ్లని, కోడళ్లని వెంటబెట్టుకుని వెళ్లారు. దలెందా వెళ్లలేదు. ఇంట్లో కూర్చుని వల సంచికి చిరుగులు కుట్టింది. మధ్యలో లేచి రేడియో పెట్టి, మళ్లీ కట్టేసింది. పిల్లి గుమ్మంలోనే ఉంది.

సాయంత్రం సాల్హా వచ్చి వాకిట్లో కూలబడింది.

"వెళ్లొచ్చారా?"

"వెళ్లొచ్చాం. బాగుంది. మా కోడలు నా నడుం చూసి, అత్తా, ఇంత వంగుతావా అంది. ఇన్నాళ్లకి కనపడింది దాని కళ్లకి."

దలెందా సూది దారం కొరికింది. సాల్హా ఆమె అడగాలనుకున్నది తనే చెప్పింది.

"నువ్వు పొయ్యి దగ్గర కూర్చున్నావు. మూత తీశావు. ఆవిరి వచ్చింది. అంతే, సముద్రం వచ్చేసింది."

"ఎవరూ నవ్వలేదుగా?"

"నవ్వడానికి ఏముంది అక్కడ? నువ్వొక ముసలిదానివి, పొయ్యి ముందు కూర్చున్నావు." సాల్హా లేస్తూ మోకాళ్లు పట్టుకుంది. "ఏమోనే వదినా. నాకైతే నువ్వు మాట్లాడుతూంటేనే బాగుంది."

ఆమె వెళ్లాక దలెందా చాలాసేపు ఆ వాకిట్లోనే కూర్చుంది. గెలిచింది. స్ఫాక్స్ దాకా వెళ్లి, పెద్దమనిషి ఎదురుగా కుర్చీలో కూర్చుని, తన మాట తను వెనక్కి తెచ్చుకుంది. ఇక ఎవరూ వినరు. ఎవరికీ తెలియదు. అనుకున్నదంతా అనుకున్నట్టే అయింది. మరి ఇల్లు ఎందుకు ఇంత చప్పుడు లేకుండా ఉందో ఆమెకి అర్థం కాలేదు. సంచి కుట్టడం పూర్తయింది. తిరగేసి చూసి, ఒక కుట్టు విప్పి, అక్కడే మళ్లీ కుట్టింది.

*

ఫోను మోగినప్పుడు దలెందా బురదలో ఉంది. పోటు మొదలయ్యే వేళ. నీళ్లు ఇంకా కనపడవు కానీ, దూరంగా సముద్రం చప్పుడు మారుతుంది. కొంతమంది అప్పటికే ఒడ్డు మొహం పట్టారు. ఫోను లంగా జేబులో, ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఉంది. ముంజేత్తో సంచి పైకి లాగి, ముక్కుకొనతో బటన్ నొక్కి, భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుంది.

"ఎవరూ?"

అవతల ఊపిరి వినపడింది. ఎక్కడో పిల్లలు కొట్టుకుంటున్నారు. ఎవరో తలుపు వేశారు.

"నేను."

ఒక్క మాటే. దలెందా కొడవలి బురదలో గుచ్చింది. తిన్నగా నిలబడింది.

"నంబరెవరిచ్చారు?" అంది. పన్నెండేళ్ల తరవాత ఆమె నోటికి వచ్చింది అదే.

"ఆ సినిమా అమ్మాయి. నేనే వెళ్లి అడిగా." వరీదా గొంతు కొంచెం లావెక్కింది. అయినా మాట చివర అదే తడబాటు. "అక్కా, నీ సినిమా రెండుసార్లు చూశాను నేను."

"రెండుసార్లేంటి? మొన్నేగా వచ్చింది."

"మొదటిసారి అంతకుముందు. మీరంతా వచ్చారే, ఆ రోజు. మా స్ఫాక్స్ బజార్లో గోడమీద సినిమా బొమ్మ చూశా. వంగినవాళ్లలో నిన్ను పోల్చుకున్నా. గుమ్మం దగ్గర ఓ పిల్ల పేరు అడిగింది. చెప్పలేక వెనక్కి వచ్చేశా. బయట కౌంటర్లో కూర్చున్నాయన్ని బతిమాలా. కాసేపు కాదన్నాడు. తరవాత సరేలెమ్మని టికెట్టిచ్చాడు, ఎవరికీ చెప్పకమ్మా అని. చివరి వరసలో కూర్చున్నా. నీ తలగుడ్డ కనపడుతూనే ఉంది."

ఒక్క టికెట్ తెగినా, అన్నాడు నిజార్. తెగింది. లాయరమ్మ చెప్పిన ఆ మొహం తెలియని మనిషి డబ్బిచ్చి లోపలికి వచ్చింది. వచ్చి, అంతా వింది.

"ఉన్నదానివి వచ్చి పలకరించలేదేం?"

"రావద్దన్నావుగా," అంది వరీదా. దెప్పుతున్నట్టు కాదు. ఉన్న సంగతి చెప్తున్నట్టు.

ఒడ్డునుంచి సాల్హా కేకేసింది. దలెందా చెయ్యి ఊపింది, విన్నానన్నట్టు.

"అక్కా, ఒకటి అడుగుతా. నిజం చెప్పు." వరీదా గొంతు తగ్గించింది. "ఆ రోజు ఇంటికొచ్చి మఖ్లూఫ్‌తో చెప్పా. మా అక్క నాకింకా వడ్డిస్తోందట, సినిమాలో చెప్పింది అని. నమ్మలేదు. పిల్లల్ని కూడా తీసుకుని విడుదల రోజున అందరం వెళ్లాం. చూడండి, ఇప్పుడు వస్తుంది, ఇప్పుడు చెప్తుంది అని వాళ్ల చేతులు గట్టిగా పట్టుకు కూర్చున్నా. నువ్వు మూత తీశావు. ఆవిరి వచ్చింది. సముద్రం వచ్చేసింది." ఆమె ఆగింది. "అయిపోయేదాకా చూశాం. ఇంకెక్కడైనా వస్తుందేమో అని. మఖ్లూఫ్ నన్నేమీ అనలేదు. బయటికొచ్చాక, కలగని ఉంటావు వరీదా, ఆవిడ అలాంటి మాట అనే మనిషి కాదు అన్నాడు. పిల్లలు కూడా నావైపు అదోలా చూశారు. అక్కా, అప్పటినుంచి నాకే అనుమానంగా ఉంది. ఆ మాట ఉందా, లేక నేనే అనుకున్నానా?"

నీళ్లు వచ్చాయి. ముందు సన్నటి పొరలా, చప్పుడు లేకుండా, దలెందా మడమల చుట్టూ తిరిగి ముందుకి పాకాయి. ఏరిన గుల్లల బకెట్ పక్కనే ఉంది. గుచ్చిన కొడవలి కొంచెం ఒరిగింది.

"ఉంది," అంది దలెందా. "నేనే తీయించా."

"ఎందుకు?"

"నవ్వారు."

అవతల పిల్లల గోల ఆగింది.

"నేను నవ్వలేదు," అంది వరీదా.

దలెందా భుజం మీద ఫోను జారితే బురదచేత్తోనే పట్టుకుంది. చెంపకి చల్లగా బురద అంటుకుంది.

"అక్కా, ఫోను మఖ్లూఫ్‌కి ఇస్తున్నా. నువ్వే చెప్పు. నేను చెప్తే నమ్మడు."

"వాడితోనా? వద్దు, వరీదా, ఆగు."

కానీ ఫోను అప్పటికే చేతులు మారింది. మొగవాడి దగ్గు వినపడింది. గుల్లలు కొనే తన బండి పక్కన నిలబడి, తూకం రాయి మీద బొటనవేలు ఆనించి, ఈ దగ్గే దగ్గేవాడు. ఊరి ఆడవాళ్లందరి ముందూ దలెందా ఆ చేతిని పట్టుకుని పైకెత్తి చూపించిన రోజు కూడా ఇలాగే దగ్గాడు. ఆ రోజే వరీదా మొగుడి పక్కన నిలబడింది. ఆ రోజే దలెందా రావద్దంది.

"వదినా," అన్నాడు మఖ్లూఫ్. ఎదురుచూస్తున్నాడు.

ఫోను నీళ్లలో పడేయవచ్చు. సిగ్నల్ పోయిందనుకుంటారు. దలెందాకి ఆ ఆలోచన వచ్చింది కూడా. సాల్హా ఒడ్డునుంచి రెండు చేతులూ ఊపుతూ పిలుస్తోంది. నీళ్లు పిక్కల దాకా వచ్చాయి. వీపు ఒడ్డువైపు తిప్పుకుని, మాట ఎవరికీ వినపడకుండా, దలెందా మొదలుపెట్టింది.

"నీ పెళ్లాం కలగనలేదు. ఆ మాట నేనన్నా. రోజూ రెండు గిన్నెల్లో వడ్డిస్తా. ఒకటి దానిది. అది రాదు. పిల్లి తింటుంది." ఊపిరి తీసుకుంది. వంటింట్లో అంత తేలిగ్గా వచ్చిన మాటలు ఇప్పుడు ఒక్కొక్కటీ బురదలోంచి కాలు పెకలించినట్టు వస్తున్నాయి. "పిల్లి బలిసింది. రావద్దని నేనే అన్నా. అన్నాక అది మానేసింది."

అక్కడికి సినిమాలో మాటలు అయిపోయాయి. నవ్వు రావాల్సింది ఇక్కడే. ఆమె కళ్లు మూసుకుని దానికోసం ఆగింది.

మఖ్లూఫ్ నవ్వలేదు. దగ్గలేదు కూడా. "విన్నాను వదినా," అన్నాడు కాసేపటికి. "పిల్లలు కూడా విన్నారు. స్పీకర్‌లో పెట్టింది ఇది." మళ్లీ ఆగి, ఇబ్బందిగా అడిగాడు. "ఇంకేమైనా చెప్పాలా దానికి?"

కొడవలి నీళ్లలో మునిగిపోయింది. బకెట్ పక్కకి ఒరిగి, పొద్దుటినుంచి ఏరిన గుల్లలు ఒక్కొక్కటిగా జారిపోతున్నాయి. దలెందా వాటిని చూస్తూనే ఉంది, వంగలేదు.

"రమ్మను దాన్ని," అనబోయింది. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. అక్కడ దాన్ని ఆపి, ఒకసారి మింగి, మార్చుకుంది.

"రండి," అంది.